క్యాలెండరులో ఎర్ర సున్నాలు

మన ఇళ్ళల్లో గోడ మీది క్యాలెండరు తిథి, వర్జ్యం చూసుకోవడానికి మాత్రమే కాదు కదా! పాలవాడు ఏ రోజు పాలు పొయ్యలేదో, గ్యాసు బండ ఎప్పుడు మార్చామో, పనిమనిషి ఎన్నిసార్లు నాగా పెట్టిందో అన్నీ దానిమీదే రాసుకుంటాం. మా వంటింటి క్యాలెండరులో వీటితోపాటు ఇంకో గుర్తు కూడా ఉంటుంది. కొన్ని తేదీల చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంటుంది. మా చిన్న తోటికోడలికి ఫిట్స్ వచ్చిన రోజులవి. ఆమెను అడిగే ఈ సంగతులు రాస్తున్నాను. "పేరొక్కటి వద్దక్కా, మిగతావన్నీ రాయి. నాలాంటివాళ్ళు ఎంతమందో చదువుతారు" అంది.

ఫిట్స్ అనగానే మనిషి కిందపడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ రావడమే మనకు తెలుసు. మా తోటికోడలికి మామూలుగా వచ్చేది అలా ఉండదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతుంది. చూపు నిలిచిపోతుంది. ఏదో చప్పరిస్తున్నట్టు పెదవులు కదుపుతుంది, చీరచెంగు నలుపుతూ ఉంటుంది. పిలిస్తే పలకదు. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటుంది గానీ ఏం జరిగిందంటే ఆమెకే తెలియదు. ఎప్పుడో ఒకసారి అదే పెరిగి ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్ అవుతుంది. మెదడులో ఒక చోట పుట్టిన విద్యుత్ అలజడి అక్కడికే ఆగితే మొదటి రకం, మెదడంతా పాకితే రెండో రకం అని డాక్టరుగారు చెప్పారు. మొదటి రకాన్ని చాలా ఇళ్ళల్లో "పరధ్యానం" అనో, "గాలి" అనో అనుకుని ఏళ్ళ తరబడి వదిలేస్తారు.

ఆమె 2015లో మా ఇంటికి కోడలిగా వచ్చింది. పంతొమ్మిదో ఏటి నుంచీ మాత్రలు వాడుతోందని పెళ్ళికి ముందే వాళ్ళవాళ్ళు దాచకుండా చెప్పారు. మా మరిది "దాచనివాళ్ళ పిల్లనే చేసుకుంటాను" అన్నాడు. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛరోగం ఉంటే ఆ పెళ్ళిని రద్దు చెయ్యమని కోర్టుకెక్కే వీలుండేది. 1999లో చట్టం సవరించి ఆ మాట తీసేశారు. చట్టంలోంచి పోయిన మాట మన పెళ్ళిచూపుల్లోంచి మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

ఆమె వాడుతున్న మందు కార్బమాజపీన్. ఈ రకం ఫిట్స్‌కు ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్న మంచి మందే. 2017లో బాబు పుట్టినప్పుడు కూడా దానిమీదే ఉంది. గర్భం రాకముందు నుంచే డాక్టరుగారు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా వేయించారు. కానీ ఫిట్స్ పూర్తిగా ఆగలేదు. మోతాదు పెంచితే కళ్ళు తిరగడం, ఒక్క దీపం రెండు దీపాల్లా కనపడటం. తగ్గిస్తే మళ్ళీ ఫిట్స్.

2018 వేసవిలో ఒక మధ్యాహ్నం అన్నం వారుస్తుండగా ఆమె చూపు నిలిచిపోయింది. గిన్నె ఒరిగి గంజి ఎడమచేతి మీద మోచేతి దాకా పడింది. కాలినట్టు కూడా ఆమెకు తెలియలేదు. తేరుకున్నాకే కేక వేసింది. ఆ గాయం మానడానికి నెలన్నర పట్టింది. మా అత్తయ్యగారు భయపడిపోయి "ఇకమీదట నువ్వు వంటింటి గడప తొక్కొద్దు" అన్నారు. ప్రేమతో అన్నమాటే. కానీ ఆ పిల్లకు కాలిన చెయ్యి కంటే ఆ మాట ఎక్కువ నొప్పెట్టింది. "తినడానికి తప్ప నేను ఈ ఇంటికి ఎందుకూ పనికిరానా అక్కా?" అని నా దగ్గర ఏడ్చింది.

అప్పుడే డాక్టరుగారు ఇంకో మందు చేరుద్దామన్నారు. పాత మందు తీసెయ్యకుండా దానికి తోడుగా ఇంకొకటి. తోడు మందు అనుకుందాం. మా అత్తయ్యగారికి గుండె జారిపోయింది. "ఇంకో మాత్ర అంటే జబ్బు ముదిరిందనేగా బాబూ?" అని అడిగేశారు. అక్కడ ఆయన ఓపిగ్గా చెప్పిన మాటలే నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నవి.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సరిగ్గా గుర్తించి సరైన మందు ఇస్తే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చట. మిగిలినవాళ్ళకే కష్టం. స్కాట్లండు దేశంలోని గ్లాస్గోలో 470 మంది కొత్త రోగులను ఏళ్ళ తరబడి గమనించి 2000లో ఒక లెక్క ప్రకటించారు. మొదటి మందుతోనే ఫిట్స్ ఆగినవాళ్ళు నూటికి 47 మంది. రెండో మందో మూడో మందో మార్చాక ఆగినవాళ్ళు 14 మంది. రెండు మందులు కలిపి వాడితే ఆగినవాళ్ళు 3 మంది. తగిన మందులు రెండు, తగిన మోతాదులో, సరిగ్గా వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అనాలని 2010లో అంతర్జాతీయ వైద్యుల సంఘం నిర్ణయించింది. అంటే ఇది ఆ మనిషి చేసుకున్న పాపమూ కాదు, పథ్యం తప్పడమూ కాదు. కొందరి మెదడు మందుకు అలా స్పందిస్తుంది, అంతే.

"మరైతే నూటికి ముగ్గురికి తగ్గేదానికి ఈ తోడు మందు ఎందుకు?" అని మావారు అడిగారు. నాకూ అదే అనుమానం. దానికి డాక్టరుగారు తోడు మందులను ఎలా పరీక్షిస్తారో చెప్పారు. ఫిట్స్ వస్తున్న మనిషికి పాత మందు ఆపేసి కొత్తది పరీక్షించడం ప్రమాదం. అందుకని అందరికీ పాతవి అలాగే ఉంచి, కొందరికి కొత్త మందు, కొందరికి అచ్చం దానిలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో ఇచ్చేవాళ్ళకీ తెలియదు, పుచ్చుకునేవాళ్ళకీ తెలియదు. కొన్ని నెలలు ఫిట్స్ లెక్కపెట్టి, ఎందరికి సగానికి సగమో అంతకంటే ఎక్కువో తగ్గాయని చూస్తారు. ఉత్తుత్తి మాత్రతో కూడా కొందరికి తగ్గుతాయట! వాళ్ళకంటే మందు పుచ్చుకున్నవాళ్ళలో బాగా ఎక్కువమందికి తగ్గితేనే అది పనిచేసే మందు. పూర్తిగా ఆగిపోవడం కొద్దిమందికే జరుగుతుంది. సగం తగ్గడం అంతకంటే చాలా ఎక్కువమందికి జరుగుతుంది. తోడు మందు మీద పెట్టుకోవలసిన ఆశ ఇదన్నమాట.

"సగమేనా?" అన్నారు అత్తయ్యగారు. సగమంటే తక్కువేమీ కాదండీ. నెలకు ఎనిమిది సార్లు వచ్చేది మూడుసార్లు వస్తే, పడి దెబ్బలు తగలడం ఆ మేరకు తగ్గుతుంది. ఒళ్ళంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్ తగ్గడం మరీ ముఖ్యం. అవి అదుపులో లేనివాళ్ళకు అరుదుగానైనా నిద్రలోనే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. ఆ భయం తగ్గించడం కోసమైనా "ఎలాగూ పూర్తిగా పోదుగా" అని మందు మానెయ్యకూడదు.

తగ్గిందో లేదో తెలియాలంటే లెక్క ఉండాలి. క్యాలెండరులో ఎర్ర సున్నాలు మొదలయ్యింది అప్పుడే. పెద్ద ఫిట్ అయితే సున్నా లోపల అడ్డగీత. మాత్ర మర్చిపోయిన రోజు, నిద్రలేని రోజు, నెలసరి రోజు కూడా గుర్తు పెట్టమన్నారు. కొందరు ఆడవాళ్ళకు నెలసరి రోజుల్లో ఫిట్స్ ఎక్కువవుతాయట. మూడు నెలలకోసారి ఆ కాగితాలు మడిచి పర్సులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. "ఈమధ్య కాస్త ఎక్కువగానే వస్తున్నాయండీ" అనడం కంటే ఆ కాగితం చూపిస్తే ఆయనకు ఎంతో తేలిక.

మొదటి తోడు మందు లెవెటిరాసెటమ్. చాలామందికి బాగా పడే మందట. మా తోటికోడలికి మాత్రం ఎనిమిది సున్నాలు ఆరయ్యాయి. అంతే. పైగా ఇంకో చిక్కు వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల, చీటికిమాటికి విసుక్కోవడం మొదలుపెట్టింది. ఒకరోజు కాఫీలో పంచదార తక్కువైందని స్టీలు గ్లాసు విసిరేసింది. "కోడలికి నోరు లేచింది" అని అత్తయ్యగారు, "నా బాధ ఎవరికీ పట్టదు" అని ఆమె. ఇల్లంతా ముళ్ళమీద ఉన్నట్టే. నేను ఆ కోపం వచ్చిన రోజుల్నీ నీలం చుక్కతో గుర్తు పెట్టాను. చూస్తే ఆ చుక్కలన్నీ మందు మొదలుపెట్టాకే ఉన్నాయి. డాక్టరుగారు అది చూడగానే "ఇది ఆమె గుణం కాదమ్మా. ఈ మందు కొందరికి చిరాకు, దిగులు తెస్తుంది" అన్నారు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో సగం గొడవ చల్లారింది. అత్తయ్యగారు ఆటోలో వస్తూ కోడలి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

ఇలా ఒక్కో మందుకు ఒక్కో గుణం. టోపిరమేట్ అనే మందుతో కొందరికి నోటిదాకా వచ్చిన మాట బయటికి రాదు, ఒళ్ళు తగ్గుతుంది. క్లోబజామ్‌తో మత్తు. ఫెనిటాయిన్ ఏళ్ళ తరబడి వాడితే చిగుళ్ళు వాయవచ్చు. కాబట్టి తోడు మందు మొదలుపెట్టాక మనిషిలో ఏ మార్పు వచ్చినా, అది నిద్రైనా, కోపమైనా, మతిమరుపైనా, డాక్టరుకు చెప్పాలి. రోజూ కలిసి ఉండేవాళ్ళకే అది ముందు కనిపిస్తుంది. చెప్పడం మన పని, మార్చడం ఆయన పని. మనంతట మనం ఆపితే మాత్రం ముప్పు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఒకదాని వెంట ఒకటి ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో పడాల్సి వస్తుంది.

2019లో ఆ మందు మెల్లగా తగ్గిస్తూ లామోట్రిజిన్ మొదలుపెట్టారు. ఇది చాలా నెమ్మదిగా పెంచాల్సిన మందు. తొందరపడి పెంచితే ఒంటిమీద దద్దుర్లు వచ్చి, అరుదుగా అవి ప్రాణాంతకం కూడా అవుతాయి. ఒంటి మీద ఎర్రటి మచ్చ కనపడినా, నోట్లో పుండ్లు వచ్చినా, జ్వరం వచ్చినా వెంటనే ఫోను చెయ్యమన్నారు. వాల్‌ప్రోయేట్ అనే మందు వాడేవాళ్ళలో ఇది ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది కాబట్టి ఇంకా నెమ్మదిగా పెంచుతారు. కార్బమాజపీన్ వాడేవాళ్ళలో త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి కాస్త ఎక్కువ కావలసివస్తుంది. రెండు మందులు ఒక ఒంట్లో చేరితే వియ్యపురాళ్ళలాంటివే, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద ఉంటుంది. అందుకే పక్కింటామెకు పనిచేసిన మోతాదు మనకు పనికిరాదు.

"ఆవగింజంత మాత్ర, అదేం చేస్తుంది?" అని అత్తయ్యగారు వారం వారం అడిగేవారు. రెండు నెలల దాకా సున్నాలు ఏమీ తగ్గలేదు. తర్వాత ఒక నెల ఐదు, మళ్ళీ నెల నాలుగు, ఆ తర్వాత మూడు. మళ్ళీ కళ్ళు తిరగడం మొదలైతే ఈసారి పాత కార్బమాజపీన్ మోతాదు కొంచెం తగ్గించారు. కొత్తది చేర్చాక పాతది తగ్గించుకోవడం కూడా ఈ వైద్యంలో భాగమేనట. ఇప్పుడు నెలకు రెండో మూడో, అవీ చిన్నవి. పెద్ద ఫిట్ వచ్చి రెండేళ్ళు దాటింది. పూర్తిగా పోలేదు. పోయిందని నేను అబద్ధం రాయను.

రెండు మందులకు లొంగనప్పుడు ఆపరేషను పనికొస్తుందేమో తప్పకుండా అడగాలి. ఫిట్స్ పుట్టే చోటు మెదడులో ఒక్కటే అయి, అది తీసినా నష్టంలేని చోటైతే ఆపరేషనుతో పూర్తిగా ఆగేవాళ్ళు చాలామంది ఉన్నారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో 1995 నుంచీ ఈ ఆపరేషన్లు చేస్తున్నారు. మా తోటికోడలికి కూడా 2022లో స్కానింగు, కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి వీడియోతో సహా తీసే ఈఈజీ పరీక్ష చేశారు. ఫలానా చోటు అని తేలలేదు. అందుకని మందుల మీదే ఉంది. కొందరికి తేలుతుంది. అడగకపోతే ఎలా తెలుస్తుంది?

ఇక మన వంతు సంగతికి వస్తాను. ఎంత మంచి మందైనా వేళకు పడితేనే పని. మా ఇంట్లో పాత పోపులపెట్టె ఒకటి ఉంది. అందులో ఏడు గిన్నెలు, వారానికి ఏడు రోజులు! ఆదివారం పొద్దున మాత్రల అట్టను ముక్కలుగా కత్తిరించి, ఏ రోజువి ఆ గిన్నెలో వేసి పెడుతుంది. మాత్రలు అట్టలోంచి తియ్యకూడదు, చెమ్మ తగులుతుంది. పెట్టె పొయ్యికి దూరంగా, బాబుకు అందకుండా పై అరలో ఉంటుంది. రాత్రి పడుకునే ముందు ఆ రోజు గిన్నె ఖాళీ అయిందా అని చూస్తే చాలు. మందులు అయిపోవడానికి వారం ముందే కొనుక్కోవాలి. షాపువాడు వేరే కంపెనీది ఇస్తే అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు సరిచూసుకోవాలి. పేర్లు వేరైనా మందు ఒకటే అని తెలియక రెండూ వేసుకునేవాళ్ళున్నారు. జలుబు, జ్వరం అని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఈ చీటీ చూపించాలి. కొన్ని యాంటీబయాటిక్స్ ఈ మందులతో పడవు.

పండగలు, వ్రతాలు మనకు ముఖ్యమే. కానీ నిద్ర చాలకపోతే ఫిట్స్ రావడం ఖాయమన్నట్టే. శివరాత్రికి మా అత్తయ్యగారు ఇప్పుడు ఆమె చేత జాగారం చేయించరు. "నీ వంతు కూడా నేను మేలుకుంటాలే, నువ్వు పడుకో" అంటారు. ఉపవాసం ఉన్నా మాత్ర మానకూడదు. మందుకు ఉపవాస భంగం ఉండదని మా ఇంట్లో ఆవిడే తీర్పు చెప్పేశారు.

వంటింట్లోకి ఆమె మళ్ళీ వచ్చింది. కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. గంజి వార్చడం మానేసి కరెంటు కుక్కరు కొన్నాం. వేడి గిన్నెలు ఆమె ఎత్తదు. వెనక బర్నరు మీదే వండుతుంది, బాండీ కాడ లోపలికి తిప్పి పెడుతుంది. కూరలు కింద కూర్చుని తరుగుతుంది. స్నానానికి వెళితే లోపల గడియ పెట్టదు, తలుపు దగ్గరికి వేస్తుంది. బావి, చెరువు, పిట్టగోడ లేని డాబా దగ్గరికి ఒంటరిగా వెళ్ళదు. ఇంతకు మించి కట్టుదిట్టం చెయ్యలేదు. అంతా మాన్పించేస్తే మనిషి ఏమైపోతుంది? మా ఇంట్లో తిరగమోత వాసన బాగా వచ్చిందంటే ఆ రోజు పప్పు ఆమె చేసిందనే లెక్క.

ఎదురుగా ఫిట్ వస్తే ఏం చెయ్యాలో మా ఇంట్లో ఎనిమిదేళ్ళ బాబుకు కూడా తెలుసు. చేతిలో తాళాలు, ఇనుప ముక్కలు పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించడం వల్ల ప్రయోజనం లేదు. ఫిట్ దానంతట అది ఒకటి రెండు నిమిషాల్లో ఆగుతుంది, పేరు మాత్రం తాళాలకు వస్తుంది. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టకూడదు. కాళ్ళూ చేతులూ అదిమి పట్టకూడదు. చుట్టూ ఉన్న వస్తువులు జరిపి, తలకింద మెత్తగా ఏదైనా పెట్టి, మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే ఇంకోటి వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పెళ్ళి కావలసిన, పిల్లలు కావలసిన అమ్మాయిలకు ఇంకో మాట. వాల్‌ప్రోయేట్ గర్భంలో బిడ్డకు అవయవ లోపాలు, బుద్ధి ఎదుగుదలలో లోపాలు తేగల మందు. ఆ మందు మీద ఉంటే గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి మార్చుకునే వీలుందేమో అడగాలి. సొంతంగా ఆపకూడదు. కార్బమాజపీన్, ఫెనిటాయిన్ లాంటివి గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. లామోట్రిజిన్ బలాన్ని అవే గర్భనిరోధక మాత్రలు, గర్భం కూడా తగ్గిస్తాయి. వీటి గురించి డాక్టరును అడగడానికి సిగ్గుపడకూడదు.

డాక్టరు ఇంకో మాత్ర రాశారంటే జబ్బు ముదిరిందని బెంగపెట్టుకోకండి. ఎందుకు చేరుస్తున్నారు, ఏ ఇబ్బందులు రావచ్చు, ఎన్నాళ్ళకు గుణం తెలుస్తుంది, తెలియకపోతే ఏది తీసేస్తారు అని నాలుగు ప్రశ్నలు అడగండి. గుణం లేని మందును అలాగే ఉంచి దానిమీద ఇంకోటి పేర్చుకుంటూ పోవడం మంచిది కాదని మా డాక్టరుగారే చెప్పారు. ఇంటికొచ్చి క్యాలెండరు పక్కన ఒక ఎర్ర పెన్ను దారం కట్టి వేలాడదీయండి. మీ ఇంట్లో అవసరం లేకపోతే, అవసరమున్న ఇల్లు మీ వీధిలోనే ఉంటుంది. ఆ ఇల్లాలికి ఈ పేజీ చదవడానికివ్వండి.